ఎదుటివారి తప్పుకు మంచి కారణం వెతకడం, మన తప్పుకు లెక్క చెప్పడం: యూదుల పద్ధతిలో ఎలా చేయాలి

యూదుల పండుగల గురించి ఎప్పుడు రాసినా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "ఎదుటివాళ్లను మంచివైపు నుంచే చూడాలంటారు కదా, మోసం చేసినవాణ్ణి కూడా వదిలేయాలా?" అనేది ఒకటి. "నన్ను నేను లెక్క అడుక్కోవడమంటే రాత్రంతా నిద్ర లేకుండా కుమిలిపోవడమేనా?" అనేది రెండోది. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేసే మనవాళ్లు ఇవి ఎక్కువగా అడుగుతారు. యోమ్ కిప్పూర్ (పాపాలకు ప్రాయశ్చిత్తం చేసుకునే పండుగ) దగ్గర పడుతుంటే, తాము చూసుకునే పెద్దాయన ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్లందరికీ ఒక్కొక్కరికే చేసి "నన్ను క్షమించు" అని అడగడం వాళ్లు దగ్గరుండి చూస్తారు మరి.

రెండు ప్రశ్నలకూ జవాబు "కాదు" అనే. మరి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు మూలం, రెండే ముక్కల్లో. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో పిర్కె అవోత్ అనే భాగం ఉంది. అందులో యెహోషువా బెన్ పెరహ్యా అనే పండితుడు, ఏ మనిషినైనా తూచేటప్పుడు తక్కెడ మంచి పళ్లెం వైపు మొగ్గేలా తూచమంటాడు. హీబ్రూలో దీన్ని 'దాన్ లెకఫ్ జెఖుత్' అంటారు. తర్వాతి అధ్యాయంలో హిల్లెల్ అనే ఇంకో పండితుడు ఒకే ఊపులో రెండు మాటలంటాడు: చచ్చే రోజు వరకు నిన్ను నువ్వు నమ్ముకోకు, ఎదుటివాడి స్థానంలో నిలబడేదాకా వాడికి తీర్పు చెప్పకు. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. మన ఆలస్యానికి ట్రాఫిక్ కారణం, ఎదుటివాడి ఆలస్యానికి వాడి పొగరు కారణం.

కావలసినవి

ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా పనవుతుంది కానీ కాగితమే మేలు, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. రోజుకు పది నిమిషాలు. షబ్బాత్ (వారానికొకసారి వచ్చే విశ్రాంతి రోజు) పాటించేవాళ్లు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా రాయరు కాబట్టి ఆ వారం లెక్క శుక్రవారం మధ్యాహ్నమే ముగించుకోవాలి. ఇవి కాక, మొహమాటం లేకుండా నిజం చెప్పే మనిషి ఒకరు కావాలి. అన్నిటికన్నా దొరకడం కష్టమైంది ఇదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి? యూదులు ఎలుల్ నెలలో మొదలుపెడతారు. ఆగస్టు, సెప్టెంబర్ మధ్య వచ్చే 29 రోజుల నెల అది. షబ్బాత్ కాని రోజుల్లో పొద్దున ప్రార్థన తర్వాత షోఫార్ (పొట్టేలు కొమ్ము) ఊదుతారు. ఆ తర్వాత రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), అక్కణ్ణుంచి పదో రోజు యోమ్ కిప్పూర్. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులకు ఈ వరస కొత్తేమీ కాదు. మిగతావాళ్లు ఏ నెలలో మొదలుపెట్టినా నష్టం లేదు.

1. చూసింది ఒక వరసలో, అనుకున్నది ఇంకో వరసలో రాయండి

ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే. కుడి వైపు మీ మనసు దానికి చేర్చింది.

ఉదాహరణకు మీరు చూసుకునే ముసలావిడ కూతురు వచ్చి బీరువా తాళాలు పట్టుకెళ్లింది. ఎడమ వైపు: "తాళాలు పట్టుకెళ్లింది." కుడి వైపు: "నన్ను దొంగనుకుంటోంది." రాసి చూస్తే రెండో వాక్యానికి ఆధారం ఏమీ ఉండదు.

బైబిల్లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. షిలోహు మందిరంలో హన్నా బిడ్డ కోసం ప్రార్థన చేస్తోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడటం లేదు. యాజకుడు ఏలీ చూసింది అంతే. అనుకున్నది మాత్రం, తాగి వచ్చిందని. మొహం మీదే అడిగేశాడు కూడా. "లేదయ్యా, గుండెల్లో బాధ దేవుడి ముందు వెళ్లబోసుకుంటున్నాను" అందామె. ఏలీ వెంటనే మాట మార్చుకుని ఆమెను దీవించి పంపాడు. రోష్ హషానా మొదటి రోజు సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) చదివేది ఈ కథే. తల్ముద్ (మిష్నా మీద చర్చల గ్రంథం) పండితులు దీని నుంచి ఒక నియమం తీశారు: తప్పు చేయనివాళ్లను అనుమానిస్తే వాళ్లను సముదాయించడంతో సరిపోదు, దీవించాలి కూడా. కాబట్టి మీ కుడి వరస తప్పని తేలిన రోజున నోరు మూసుకుని ఊరుకోకండి. వెళ్లి ఒక మంచి మాట చెప్పి రండి.

2. ఆ మనిషి ఏ కోవకు చెందుతాడో తేల్చుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. అందుకే "మోసగాణ్ణి కూడా వదిలేయాలా" అనే ప్రశ్న పుడుతుంది. 1204లో ఈజిప్టులో చనిపోయిన మహాపండితుడు మైమొనిడీస్ (యూదులు రంబమ్ అంటారు) దీన్ని స్పష్టంగా విడదీశాడు.

మీకు మంచీ చెడ్డా తెలియని మనిషి రెండు రకాలుగానూ అర్థం చేసుకోగల పని చేస్తే, మంచి అర్థమే తీసుకోండి. మంచివాడని నలుగురికీ తెలిసినవాడి విషయంలో, మంచి అర్థం దూరపుదిగా అనిపించినా దాన్నే పట్టుకోండి. చెడ్డవాడని రుజువైనవాడి సంగతి వేరు. అతను మంచి పని చేస్తున్నట్టు కనబడినా జాగ్రత్తగా ఉండమన్నాడు రంబమ్.

అంటే ఇది కళ్లు మూసుకోవడం కాదు. పాత అప్పు రెండుసార్లు ఎగ్గొట్టినవాడు మూడోసారి అడిగితే "పాపం, ఏ ఇబ్బందో" అని ఇవ్వమని ఎవరూ చెప్పలేదు.

3. కనీసం మూడు కారణాలు ఊహించి రాయండి

తల్ముద్‌లో షబ్బాత్ అనే భాగంలో ఒక కూలివాడి కథ ఉంది. ఎగువ గలిలయ నుంచి వచ్చి దక్షిణాన ఒక ఆసామి దగ్గర మూడేళ్లు పనిచేశాడు. యోమ్ కిప్పూర్ ముందు రోజు "నా కూలి ఇస్తే ఇంటికెళ్లి పెళ్లాం బిడ్డలకు తిండి పెట్టుకుంటాను" అన్నాడు.

"డబ్బులు లేవు."

"ధాన్యం ఇవ్వండి." "లేదు." "భూమి?" "లేదు." "పశువులు?" "లేవు." "పోనీ, పరుపులూ దిండ్లూ?" "అవీ లేవు."

కూలివాడు మూట భుజాన వేసుకుని దిగులుగా ఇంటికి వెళ్లిపోయాడు. పండుగ అయ్యాక ఆసామి కూలి డబ్బుతో పాటు మూడు గాడిదల మీద తిండి, పానీయాలు, మిఠాయిలు వేసుకుని అతని ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక అడిగాడు: "నేను డబ్బు లేదన్నప్పుడు నా గురించి ఏమనుకున్నావు?"

"చవగ్గా సరుకు దొరికి దాని మీద పెట్టేశారేమో అనుకున్నాను." పశువులు? ఎవరికో అద్దెకిచ్చి ఉంటారు. భూమి? కౌలుకిచ్చి ఉంటారు. ధాన్యం? దశమభాగం (దేవుడి వాటా) ఇంకా తీయలేదేమో. పరుపులు? ఆస్తంతా దేవుడికి మొక్కేసుకున్నారేమో. నిజంగా జరిగిందీ అదే. కొడుకు ధర్మశాస్త్రం చదవడం లేదన్న కోపంలో ఆసామి ఆస్తి మొత్తం మొక్కేశాడు, తర్వాత పండితులు ఆ మొక్కు నుంచి విడిపించారు. "నువ్వు నన్ను మంచివైపు తూచినట్టే దేవుడు నిన్నూ తూచాలి" అని దీవించాడట.

ఈ కథ చెప్పేవాళ్లు కూలివాడి ఓర్పు గురించి చెబుతారు. నాకు మాత్రం అతని పని తీరే ముఖ్యంగా కనిపిస్తుంది. "ఏదో కారణం ఉండి ఉంటుందిలే" అని అతను ఊరుకోలేదు. ప్రతి "లేదు"కీ విడిగా, నమ్మదగిన కారణం ఒకటి వెతికాడు. మీరూ అలాగే చేయండి. పొడుపు కథ విప్పినట్టు కాకుండా, ఆ మనిషి బతుకులో జరగడానికి వీలున్నవి రాయండి. తాళాలు పట్టుకెళ్లిన కూతురు: బీరువాలో అమ్మ మందుల చీటీలున్నాయేమో, అన్నదమ్ముల మధ్య నగల గొడవేమో, ముసలావిడే తీసుకెళ్లమందేమో.

మూడు కారణాలు తట్టకపోతే? ఒకటైనా చాలు. ఒకటీ తట్టకపోతే మీకు ఆ మనిషి గురించి తెలిసింది తక్కువని అర్థం.

4. అడగాల్సింది అడగండి

కూలివాడు అడగకుండా వెళ్లిపోలేదని గమనించారా? డబ్బు, ధాన్యం, భూమి అంటూ వరసగా అడిగాడు. మనసులో మంచిగా తూచడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. లేవీయకాండం 19వ అధ్యాయంలో పొరుగువాడికి న్యాయంగా తీర్పు చెప్పమన్న మాట ఉన్నచోటే, కూలివాడి జీతం తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదన్న మాటా ఉంది. మనసులో పగ దాచుకోకుండా మొహం మీదే చెప్పమనీ అక్కడే ఉంది.

కాబట్టి మీ జీతం ఆగితే "ఇబ్బందుల్లో ఉన్నారేమో" అని అనుకోండి, అదే రోజు అడగండి కూడా. ఇవ్వకపోతే ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు చేస్తూ కూడా "వీడు పుట్టుకతోనే దొంగ" అనుకోకుండా ఉండొచ్చు. చేసి చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

అడిగేటప్పుడు ఇద్దరే ఉండాలి. నలుగురిలో పరువు తీయడాన్ని యూదు పండితులు రక్తం చిందించడంతో సమానమన్నారు.

హెచ్చరిక: కొట్టడం, లైంగిక వేధింపు, పిల్లలకో ముసలివాళ్లకో ప్రమాదం ఉన్న విషయాల్లో 2, 3 మెట్ల దగ్గర కూర్చోకండి. పొరుగువాడి రక్తం మీద చేతులు కట్టుకుని నిలబడొద్దన్నది కూడా ఆ 19వ అధ్యాయమే. చెడు మాటల నిషేధం (లషోన్ హరా) మీద జీవితమంతా రాసిన పండితుడు హఫెత్స్ హయీమ్ (1838–1933) కూడా, ఇంకొకరిని నష్టం నుంచి కాపాడటానికైతే చెప్పాలనే అంటాడు. షరతులు పెట్టాడు: స్వయంగా తెలిసిందే చెప్పాలి, పెంచి చెప్పకూడదు, కక్ష తీర్చుకోవడానికి చెప్పకూడదు.

ఇంకొకటి. దెబ్బ తిన్న మనిషి దగ్గరికి వెళ్లి "పాపం, వాడికేదో కారణం ఉండి ఉంటుంది" అనకండి. మంచిగా తూచే హక్కు మీకు జరిగినదాని మీదే ఉంది. ఇంకొకరి గాయాన్ని మీరు క్షమించేయడం మంచితనం కాదు.

5. ఇప్పుడు మీ లెక్క రాయండి

దీన్నే 'హెష్బోన్ హనెఫెష్' అంటారు. కొత్త పేజీ తీసి నాలుగు గళ్లు గీయండి: ఏం చేశాను, ఎవరికి ఏం నష్టం, ఎలా పూడ్చాలి, ఎప్పటిలోగా.

"ఎందుకు చేశాను" అనే గడి పెట్టొద్దు. పెట్టారా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాకులన్నీ వచ్చి అందులోనే కూర్చుంటాయి. శత్రువుల పశువులన్నిటినీ చంపమన్న దేవుడి ఆజ్ఞ తప్పిన సౌలు రాజును సమూయేలు ప్రవక్త నిలదీసినప్పుడు "జనమే మంచి గొర్రెలను ఉంచారు" అన్నాడు. ఇంకొకడి భార్యను తీసుకున్న దావీదు రాజును నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు దావీదు "నేను పాపం చేశాను" అన్నాడంతే.

ఒక పేజీ ఇలా ఉంటుంది:

*ఏం చేశాను:* ఆదివారం పొద్దున 7 గంటలకు డ్యూటీ మారుస్తానని చెప్పి 8:30కి వెళ్లాను.
*ఎవరికి ఏం నష్టం:* తోటి కేర్‌గివర్‌కు. బస్సు పోయింది, టాక్సీకి 60 షెకెల్‌లు పెట్టుకుంది.
*ఎలా పూడ్చాలి:* 60 షెకెల్‌లు ఇవ్వాలి. వచ్చే ఆదివారం 5:30కే వెళ్లి ఆమెను పంపాలి.
*ఎప్పటిలోగా:* డబ్బు మంగళవారం.

"నేను బద్ధకస్తుణ్ణి", "నాకు ఓపిక తక్కువ" లాంటివి రాయొద్దు. అవి లెక్కలు కావు, బిరుదులు. తేదీ, మనిషి, నష్టం ఉంటేనే తీర్చడానికి వీలవుతుంది.

రోజూ ఇంత రాయడం కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. 1808లో మెనాహెమ్ మెండెల్ లెఫిన్ అనే పండితుడు 13 గుణాల జాబితాతో ఒక పద్ధతి ప్రచురించాడు. అది బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి చూసి తయారుచేసుకున్నది. వారానికి ఒక గుణం (ఓర్పు, క్రమం, పొదుపు ఇలా), తప్పిన రోజున పట్టికలో గుర్తు పెట్టడం. 13 వారాల చుట్టు ఏడాదికి నాలుగుసార్లు తిరుగుతుంది. కొత్తవాళ్లకు ఇదే తేలిక, కానీ మనుషులకు చేసిన నష్టం ఇందులో జారిపోయే ప్రమాదం ఉంది. వారానికి ఒకసారైనా పైన చెప్పిన నాలుగు గళ్ల పేజీ రాయండి.

6. పేజీ ఇంకొకరికి చూపించండి

అన్ని మచ్చలూ చూడగలిగిన మనిషి తన మచ్చలు మాత్రం చూడలేడంటుంది మిష్నా. అది మాట వరసకు అన్నది కాదు. చర్మరోగాలు పరీక్షించి తీర్పు చెప్పే యాజకుడికి తన ఒంటి మీది మచ్చకు తీర్పు చెప్పే అధికారం లేదు, ఇంకో యాజకుడి దగ్గరికి పోవాల్సిందే. గురివింద సామెత తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

"ఇందులో నేను వదిలేసిందేమైనా ఉందా?" అని ఒక్కటే అడగండి. కాగితమైతే చేతికిచ్చి పక్కకు వెళ్లిపోవచ్చు. ఫోన్ అలా ఇవ్వలేరు. ఎవరూ దొరకకపోతే, రాసింది రెండు రోజులు పక్కన పెట్టి ఆ నష్టపోయిన మనిషి గొంతుతో పైకి చదవండి. ఇది సగం పనే చేస్తుంది.

7. డబ్బు ముందు, క్షమాపణ తర్వాత

మనిషికీ దేవుడికీ మధ్య తప్పులను యోమ్ కిప్పూర్ కడుగుతుంది, మనిషికీ మనిషికీ మధ్య తప్పులను ఎదుటి మనిషిని సముదాయించేదాకా కడగదు. మిష్నాలో యోమా అనే భాగం చివర్లో ఉన్న మాట ఇది. ఆ పెద్దాయన ఫోన్లన్నీ అందుకే. 25 గంటల ఉపవాసమున్నా ఆ ఫోన్లకు బదులు కాదు.

వెళ్లి ఇలా చెప్పండి: "ఆదివారం గంటన్నర ఆలస్యంగా వచ్చాను. నీ బస్సు పోయింది. టాక్సీ డబ్బులు ఇవిగో. తప్పు నాదే, క్షమించు." "కానీ" అనే మాట వచ్చిందంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఒప్పుకోకపోతే మూడుసార్లు వెళ్లాలని, వెంట ముగ్గురు స్నేహితులను తీసుకెళ్లాలని రంబమ్ రాశాడు. అప్పటికీ ఒప్పుకోకపోతే మీ వంతు అయిపోయింది. గురువు విషయంలో మాత్రం వెయ్యిసార్లయినా వెళ్లాలి. చనిపోయిన మనిషైతే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి వాళ్ల ముందు ఒప్పుకోవాలి. అప్పు ఉంటే వారసులకు కట్టాలి.

ఎదుటి మనిషికి తెలియని తప్పైతే? వెనకాల మాట్లాడారు, ఆమెకు తెలియదు. చెబితే కొత్తగా గుండె పగులుతుంది. ఇక్కడ పండితుల్లోనే తేడా ఉంది. ముసర్ (గుణాలు దిద్దుకునే) ఉద్యమానికి నాంది పలికిన రబ్బీ (మతగురువు) యిస్రాయేల్ సలాంటర్ అలా బాధపెట్టి చెప్పొద్దన్నాడని చెబుతారు. నాకైతే ఆ మాటే సబబనిపిస్తుంది. ఆమెకు చెప్పకపోయినా, ఎవరితో అన్నారో వాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దే పని మాత్రం తప్పదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"తెలిసో తెలియకో ఎవరినైనా బాధపెట్టి ఉంటే క్షమించండి" అని వాట్సాప్‌లో 200 మందికి పంపడం. యోమ్ కిప్పూర్ ముందు ఇజ్రాయెల్‌లో కూడా ఇదో పెద్ద జబ్బు. ఎవరినీ ఏమీ అడగకుండా అందరినీ అడిగినట్టు అనిపించుకునే ఏర్పాటిది.

సినగాగులో చెప్పే ఒప్పుకోలు "మేం తప్పు చేశాం, మేం ద్రోహం చేశాం" అని బహువచనంలో అక్షరమాల వరసన సాగుతుంది. ఒక్కో మాటకూ గుండె మీద పిడికిలితో తట్టుకుంటారు. అందరితో కలిసి చెప్పడం బాగుంటుంది, కానీ ఆ "మేం"లో దాక్కోవడం తేలిక. మీ పేజీలో "నేను" అనే ఉండాలి.

మనవాళ్లకు, పెద్దవాళ్లకు, బాస్‌కు మాత్రమే మంచి కారణాలు వెతకడం. ఇంట్లో పనిమనిషికీ, పక్క సీటువాడికీ వెతకకపోవడం. దీన్ని పట్టుకోవడానికి పాత పేజీల్లో పేర్లు చూస్తే చాలు.

చివరిది, మితిమీరి కుమిలిపోవడం. నీ కళ్లకు నువ్వే దుర్మార్గుడివి కావద్దని పిర్కె అవోత్‌లోనే రబ్బీ షిమోన్ హెచ్చరిస్తాడు. పది నిమిషాలు దాటాక ఇంకా తిట్టుకుంటుంటే పుస్తకం మూసేయండి. ఆ బాధ వల్ల టాక్సీ డబ్బులు ఎవరికీ అందవు. నిద్ర, తిండి పోయేంతగా ఉంటే ఈ పని ఆపి డాక్టర్‌ను కలవండి.

పని జరిగిందో లేదో చూసుకోవడం

ఎదుటివాళ్ల వైపు: నెల తర్వాత మొదటి మెట్టు పేజీలు తీసి, కుడి వరసలో ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని తప్పాయో గుర్తు పెట్టండి. దాదాపు అన్నీ నిజమైతే మీరు రాసింది నిజంగా చెడ్డ పరిస్థితి గురించి, 4వ మెట్టుకు వెళ్లండి. సగం తప్పితే మీ అనుమానం మీద మీకు నమ్మకం తగ్గాలి.

ఎవరినైనా సరిదిద్దబోయే ముందు రబ్బీ యన్నాయ్ పరీక్ష పెట్టుకోండి. ఆయన చెట్టు కొమ్మలు దారి మీదికి వంగి ఉండేవి. ఇంకొకాయన చెట్టూ అంతే. జనం ఆ ఇంకొకాయన మీద ఫిర్యాదు చేసి రబ్బీ దగ్గరికి తీసుకొచ్చారు. "ఇవాళ వెళ్లి రేపు రా" అన్నాడు. ఆ రాత్రే తన చెట్టు కొట్టించి, మర్నాడు తీర్పు చెప్పాడు. మీరైతే ఆ ఒక్క రాత్రి గడువు తీసుకోండి చాలు.

మీ వైపు పరీక్ష రంబమ్ చెప్పిందే: అదే పరిస్థితి, అదే అవకాశం మళ్లీ వచ్చి, ఆ తప్పు చేయగలిగి కూడా చేయకపోతే తెషువా (తప్పు నుంచి వెనక్కి మళ్లడం) పూర్తయినట్టు. కాబట్టి "మారాను" అని ముందే రాసుకోకండి. ఆ గడి ఖాళీగా ఉంచి, ఇంకో ఆదివారం పొద్దున 7 గంటలకు డ్యూటీ పడినప్పుడు నింపండి. యోమ్ కిప్పూర్ నాటికి తీరనివి ఉంటే కొట్టేయకుండా, కొత్త తేదీ వేసి తర్వాతి పేజీకి ఎక్కించండి.